లెప్టాన్ అనగా కాసు

సంచికకు వ్యాసం ఇవ్వమని కమిటీ వారు ఫోను చేసినప్పుడు ఒక షరతు పెట్టారు. "పాత జ్ఞాపకాలు అందరూ రాస్తారండి, మీరు ఇంజనీరు కదా, కాస్త సైన్సో చరిత్రో రాయండి" అన్నారు. సరే అన్నాను. కానీ నాకు తెలిసిన ఈ చరిత్ర మన బడి లైబ్రరీలోనే మొదలైంది కాబట్టి, జ్ఞాపకం కొంచెం కలవక తప్పదు. పెద్దలు, గురువులు మన్నించాలి.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, జనవరి 30న కుష్ఠు నివారణ దినానికి ఇంగ్లీషులో వ్యాసరచన పోటీ పెట్టారు. 'లెప్రసీ' స్పెల్లింగు కోసం లైబ్రరీలో అట్ట ఊడిపోయిన డిక్షనరీ తీశాను. వెతికిన మాటకు నాలుగు మాటల కింద 'లెప్టాన్' అని ఉంది. దానికి రెండు అర్థాలు. ఒకటి, గ్రీకుల చిన్న నాణెం. రెండు, ఒక జాతి ప్రాథమిక కణం. పోటీలో నాకు ఏమీ రాలేదు గానీ ఈ మాట మాత్రం తలలో ఉండిపోయింది. నాణెం ఏమిటి, కణం ఏమిటి?

తెలుగు మాస్టారిని అడిగితే నవ్వారు. "హరి అంటే విష్ణువు, సింహం, కోతి, కప్ప కూడాను. నానార్థాలు వింతేం కాదురా. అయితే నానార్థాల మధ్య ఎక్కడో ఒక చుట్టరికం ఉంటుంది. అది వెతుక్కో" అన్నారు. ఫిజిక్సు మాస్టారిని అడిగితే, "ఎలక్ట్రాన్ ఒక లెప్టాన్. ఇప్పటికి అది చాలు, పబ్లిక్ పరీక్షకి అది కూడా రాదు" అన్నారు. నా పక్కన కూర్చునే మిత్రుడు మాత్రం గ్రీకు చిన్న నాణెం అనగానే, "మా బైబిల్లో ఉందిరా అలాంటిది. బీద విధవరాలు రెండు కాసులు వేస్తుంది" అన్నాడు. అప్పుడు పట్టించుకోలేదు. ముగ్గురిలో సరైన జవాబు చెప్పింది వాడేనని తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

మార్కు సువార్త గ్రీకు మూలంలో ఆ విధవరాలు కానుక పెట్టెలో వేసినవి రెండు 'లెప్టా'. లెప్టాన్‌కి బహువచనం లెప్టా. ఆ కాలంలో చేతులు మారే నాణేల్లో అంతకన్నా చిన్నది లేదు. ఇంగ్లీషు బైబిలు దీన్ని 'మైట్' అంది. అది యూరపులో ఒకప్పుడు చెల్లిన అతి చిన్న నాణెం పేరు. తెలుగు బైబిలు 'కాసు' అంది. అంటే డిక్షనరీలో నేను చూసిన మొదటి అర్థానికి తెలుగు మాట అప్పటికే ఉంది. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు 1836లో వచ్చి స్థిరపడ్డారు. అప్పటి నుంచి ఈ డెల్టాలో ఎన్నో ఇళ్ళల్లో ఆ కథ చదువుతూనే ఉన్నారు. నాకు డిక్షనరీలో దొరికిన వింత, నా మిత్రుడికి ఆదివారం పాఠం.

ఆ తెలుగు మాట సరిగ్గా అతికిందా? చూద్దాం. కంపెనీ వారి మద్రాసు నాణేల లెక్కలో ఎనభై కాసులు ఒక ఫనం, నలభై రెండు ఫనాలు ఒక వరహా. ఫనాన్ని తెలుగువాళ్ళు రూక అనేవారు. తూర్పు చాళుక్యుల నాణేల మీద వరాహం ఉండేది. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడిది ఆ వంశమే, మన తణుకు నన్నయ గారికి ప్రభువు ఆయనే. వరాహం గుర్తున్న బంగారు నాణేలు దక్షిణాదిన చాలాచోట్ల చెల్లాయి కాబట్టి, తర్వాత బొమ్మ మారినా వరహా అనే పేరు నిలిచిపోయింది. సరే, 80ని 42తో గుణిస్తే వరహాకు 3,360 కాసులు. 1818లో మద్రాసు లెక్కలన్నీ రూపాయల్లోకి మార్చినప్పుడు వంద వరహాలకు మూడువందల యాభై రూపాయలు కట్టారు. ఆ లెక్కన రూపాయికి 960 కాసులు. మన తాతలకు తెలిసిన దమ్మిడీ రూపాయిలో 192వ వంతు. అంటే ఒక దమ్మిడీకి ఐదు కాసులు! "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అంటారు గానీ, దమ్మిడీ కూడా కాసు ముందు పెద్దమనిషే. ఇంగ్లీషువాళ్ళు ఈ మాటనే 'క్యాష్' అని రాసుకున్నారు. పోర్చుగీసు వారి నోట నలిగి వెళ్ళిందంటారు. రొక్కం అనే అర్థం ఉన్న క్యాష్ వేరు, దాని పుట్టుక వేరు. బ్యాంకు కౌంటరు దగ్గర ఆ రెండూ కలిసిపోయాయి.

చిల్లర లెక్కల గురించి రాయాలంటే ఒక పుస్తకం అవుతుంది. కాణీ, అణా, బేడ, పావలా... మా నాన్నగారు 1957 ఏప్రిల్ 1 తర్వాత కూడా చాలా ఏళ్ళు నయాపైసలను అణాల్లోకి మార్చుకునే బేరం చేసేవారు. యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి మధ్యలో చిల్లు పెట్టి అచ్చువేసిన కాణీ ఒకటి మా ఇంట్లో మొన్నమొన్నటి దాకా ఉండేది. చిల్లుకాణీ అంటే విలువలేనిదని తిట్టు. నాణెం గుల్లయినా విలువ కాణీయేనని సర్కారు అంటుంది, కాదని జనం అంటారు.

ఇక గ్రీకు మాట దగ్గరికి వద్దాం. 'లెప్టోస్' అంటే సన్నని, చిన్న, తేలికైన అని. కానీ ఇంకా వెనక్కి వెళితే దాని అసలు అర్థం 'పొట్టు తీసినది'. కళ్ళంలో నూర్చి, పొట్టు రాల్చిన గింజ. 'లెపీన్' అంటే ఒలవడం, పొట్టు తీయడం. చర్మం పొలుసులుగా ఊడేది కాబట్టి లెప్రసీ కూడా ఆ వేరు నుంచే వచ్చింది. నేను స్పెల్లింగు కోసం వెతికిన మాట, దొరికిన మాట దాయాదులే! తెలుగు మాస్టారు చెప్పిన చుట్టరికం అదే పేజీలో ఉంది, నేను చూడలేదు.

పొట్టు తీసిన గింజ అంటే తణుకు వాళ్ళకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. ధాన్యం మిల్లులోకి పోయి ఊక ఒకవైపు, తౌడు ఒకవైపు, బియ్యం, నూక ఒకవైపు రావడం చూస్తూ పెరిగినవాళ్ళం. మన దేశంలో పరమాణువుల గురించి మొదట శాస్త్రంగా చెప్పిన వైశేషిక దర్శన కర్త పేరు కణాదుడు. కోసిన పొలంలో రాలిన గింజలు ఏరుకుని తిన్నవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. అక్కడ గ్రీసులో, ఇక్కడ మన దగ్గర, అతి చిన్న వస్తువును ఊహించాల్సి వచ్చినప్పుడు మనిషి చూపు పోయింది గింజ మీదికే.

నాణేన్ని కణం దగ్గరికి తీసుకొచ్చినవాడు లెయాన్ రోజెన్‌ఫెల్డ్. బెల్జియం దేశస్థుడు, నీల్స్ బోర్ దగ్గర పనిచేసిన సిద్ధాంతవేత్త. 1948లో ఆయన అణుకేంద్రక బలాల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అప్పటికి న్యూక్లియస్‌లోని ప్రోటాన్, న్యూట్రాన్లకు కలిపి 'న్యూక్లియాన్' అనే పేరుంది. ఎలక్ట్రాన్, న్యూట్రినోల వంటి తేలికపాటి కణాలకు కూడా ఒక ఉమ్మడి పేరు కావాలి. డెన్మార్కు శాస్త్రవేత్త క్రిస్టియన్ మోలర్ సూచన మీద 'లెప్టాన్' అని పెట్టాడు. తేలికైనది అని. ఎలక్ట్రాన్ బరువు ప్రోటాన్‌లో 1836వ వంతు. న్యూట్రినో బరువు అసలు ఉందో లేదో అన్నట్టు ఉండేది. కాబట్టి పేరు చక్కగా కుదిరింది. వీటికి ఇంకో లక్షణం కూడా ఉంది: న్యూక్లియస్‌ను బిగించి పట్టే బలమైన శక్తి వీటిని ముట్టుకోదు. పేరు పెట్టేటప్పుడు చూసింది బరువును. తర్వాత తేలిందేమిటంటే, ఈ జాతికి అసలు గుర్తు బరువు కాదు, ఆ బలానికి లొంగకపోవడమే.

పేరు పెట్టకముందే లెప్టాన్ల మీద పనిచేసిన మన జిల్లావాడు ఒకాయన ఉన్నారు. మనలో ఎంతమందికి తెలుసో! భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు. ఇల్లు విడిచి సన్యాసి అయ్యారు, హిమాలయాల్లో యోగసాధన చేశారు, స్వామి జ్ఞానానంద అయ్యారు. అక్కడితో ఆగితే ఆయన కథ వేరే సంచికలో వచ్చేది. ఆయన యూరప్ వెళ్ళి భౌతికశాస్త్రం పట్టుకున్నారు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధన చేశారు. తర్వాత ఇంగ్లండులో లివర్‌పూల్ చేరారు. అక్కడ ప్రొఫెసరు ఎవరనుకున్నారు? న్యూట్రాన్‌ను కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్. అక్కడ స్వామీజీ పని బీటా కిరణాల మీద.

బీటా కిరణాలంటే రేడియోధార్మిక పదార్థం లోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. అయస్కాంత క్షేత్రంలో వాటి దారి వంగుతుంది. ఎంత వంగిందో కొలిస్తే ఎంత శక్తితో బయటికి వచ్చాయో తెలుస్తుంది. ఆ శక్తుల లెక్క ఎప్పుడూ పూర్తిగా సరిపోయేది కాదు, ఎక్కడో కొంత చిల్లర తగ్గేది. 1914లో ఆ సంగతి మొదట గుర్తించింది కూడా చాడ్విక్కే. తగ్గిన చిల్లరను కంటికి కనిపించని ఇంకో కణం జేబులో వేసుకుపోతోందని 1930లో పౌలీ ఊహించాడు. ఫెర్మీ దానికి న్యూట్రినో అని పేరు పెట్టాడు. అణాపైసలతో సహా లెక్క తేలాల్సిందేనని పట్టుబట్టడం వల్ల దొరికిన కణం అది. అకౌంటెంట్లు గర్వపడాల్సిన సంగతి.

కిరణం దారిలో గాలి ఉంటే ఈ కొలతలు పనికిరావు, గట్టి శూన్యం కావాలి. స్వామీజీ ఆ విద్యలో ఎంత ఆరితేరారంటే, శూన్యాన్ని ఎలా సాధించాలి, ఎలా కొలవాలి అన్నదాని మీద 1947లో ఇంగ్లీషులో ఒక గ్రంథమే రాశారు. నాలాంటి కెమికల్ ఇంజనీరుకు వాక్యూమ్ పంపులతో రోజూ తగాదా, అందుకే ఆ సన్యాసి మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. స్వదేశం వచ్చాక ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్సు శాఖను నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు. వాల్తేరులో ఆ పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు. కాషాయం కట్టుకుని బీటా కిరణాలు కొలిచిన గోదావరి మనిషి మీద మన పాఠ్యపుస్తకంలో ఒక్క పేరా ఉన్నా నేను డిక్షనరీలో అంత కాలం తచ్చాడేవాణ్ణి కాదు.

ఇంకో సంగతి కోలారు బంగారు గనులది. కుప్పం దాటితే అంత దూరమేం కాదు. కోలారు జిల్లాలో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ చాంపియన్ రీఫ్ గనిలో నేలకు రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ వారు పరికరాలు దించారు. ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్లు (ఇవీ లెప్టాన్లే, ఎలక్ట్రాన్ కన్నా 207 రెట్లు బరువు) రాతిలో ఎంత లోతు దాకా రాగలవో కొలుచుకుంటూ దిగారు. అట్టడుగున సుమారు రెండు నెలలు కనిపెట్టుకుని కూర్చున్నా ఒక్క మ్యూయాన్ కూడా రాలేదు. ఇంకొకరైతే పెట్టె సర్దుకునేవారు. వాళ్ళు మాత్రం, ఇంత నిశ్శబ్దం ఉంటే న్యూట్రినోను వినవచ్చు అనుకున్నారు. న్యూట్రినోకు కొండా రాయీ అడ్డుకాదు. నూటికో కోటికో ఒకటి పక్కనున్న రాతిని తాకి మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. పైనుంచి వచ్చే మ్యూయాన్లు లేవు కాబట్టి, అడ్డంగా వచ్చేది కనిపిస్తే అది న్యూట్రినో బిడ్డే. అందుకని పరికరాలను గోడల్లా నిలువుగా నిలబెట్టారు. 1965లో దొరికింది. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొదట ప్రకటించిన బృందాల్లో అది ఒకటి. కొద్ది రోజుల తేడాతో దక్షిణాఫ్రికాలో రైనెస్ బృందం ప్రకటించింది. అదీ బంగారు గనిలోనే! కోలారు పత్రం రచయితల్లో మీనన్, శ్రీకంతన్, నరసింహం, పి.వి. రమణమూర్తి గార్ల పేర్లున్నాయి. జపాన్, ఇంగ్లండు వాళ్ళూ ఉన్నారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. బంగారం కోసం తవ్విన గోతిలో, అతి చిన్న నాణెం పేరు పెట్టుకున్న కణం దొరికింది.

లెప్టాన్ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం 1975లో జరిగింది. అమెరికాలో మార్టిన్ పెర్ల్ అనే ఆయన (మొదట కెమికల్ ఇంజనీరు! జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఫిజిక్సులోకి మారినవాడు) మూడో రకం లెప్టాన్‌ను కనిపెట్టాడు. పెట్రోస్ రాపిడిస్ అనే గ్రీకు విద్యార్థి సలహా మీద దానికి 'టౌ' అని పేరు పెట్టారు, గ్రీకులో మూడవది అనే మాటకు మొదటి అక్షరం. దాని బరువు ఎలక్ట్రాన్‌కు దాదాపు 3,477 రెట్లు. అంటే ప్రోటాన్ కన్నా కూడా ఇంచుమించు రెండింతలు. తేలికది అని పేరు పెట్టుకున్న ఇంట్లో ఇంత బరువైన పిల్ల పుట్టింది. శాస్త్రవేత్తలు దాన్ని 'భారీ లెప్టాన్' అన్నారు, అంటే బరువైన తేలిక. పేరు మార్చలేదు. పెర్ల్‌కు 1995లో నోబెల్ వచ్చింది, ఆయనతో పాటు పంచుకున్నది ఆ రైనెస్సే.

సరిగ్గా ఇదే మన కాసుకూ జరిగింది చూడండి. ఇవాళ తణుకు బంగారం బజారులో కాసు అంటే ఎనిమిది గ్రాములు. ఇంగ్లీషు సవరను నాణేన్ని మన ఆడవాళ్ళు కాసు అన్నారు, దండగుచ్చి కాసులపేరు అన్నారు. వరహా బరువు దాదాపు మూడున్నర గ్రాములు. బరువు మాత్రమే చూస్తే నేటి కాసు రెండు వరహాలకు పైమాటే, అంటే పాత రాగి కాసులు ఏడు వేల పైచిలుకు. ఎలక్ట్రాన్ నుంచి టౌ ఎదిగిన దానికన్నా మన కాసు రెండింతలు ఎదిగింది. ప్రాచీన కాలంలో కాసు బంగారు తూనికే అని, కర్షం అనే సంస్కృత మాటతో సంబంధమని పండితులు అంటారు. అయితే అది మొదట పెద్దదై, మధ్యలో చిన్నదై, మళ్ళీ పెద్దదైనట్టు. గ్రీకు లెప్టాన్ మాత్రం చిన్నగానే ఉంది. డ్రాక్మాలో నూరో వంతుగా ఉండి, ఇప్పుడు గ్రీసులో అచ్చయ్యే యూరో సెంట్ల మీద లెప్టా అని కనిపిస్తుంది.

ఇక్కడితో ముగించాలి గానీ, నా పక్కన కూర్చున్న మిత్రుడి సంగతి మిగిలిపోయింది. వాళ్ళమ్మ రైసుమిల్లులో బియ్యం చెరిగేది. పదో తరగతి పరీక్ష ఫీజు ఆఖరి రోజున కొంగు ముడి విప్పి ఆఫీసు గది బల్ల మీద పోసింది. నాలుగు నోట్లు, మిగతా అంతా చిల్లర. ఫిజిక్సు మాస్టారు ప్రతి నాణెం దొంతులు పెట్టి లెక్కించారు. ఇంకా తగ్గింది. "సరిపోయిందమ్మా" అని పూర్తి మొత్తానికి రసీదు రాయించి ఇచ్చారు. ఫీజు కట్టడానికి నేనూ అక్కడే నిలబడి ఉన్నాను, దొంతులు నేనూ లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. వాడికి ఇప్పటికీ తెలియదేమో అనుకున్నాను.

మొన్న కమిటీలో దాతల జాబితా ఎలా వేయాలన్న చర్చ వచ్చింది. మొత్తాల వారీగా వేద్దాం, ముందు లక్షల వాళ్ళు, చోటు చాలకపోతే వెయ్యి లోపు వాళ్ళను 'మరియు ఇతరులు' అందాం అన్నారు కొందరు. కాగితం ఖర్చు నిజమే, వాళ్ళను తప్పుపట్టను. నేను మాత్రం బ్యాచ్‌ల వారీగా, మొత్తాలు లేకుండా వేయాలన్నాను. రెండు గంటలు వాదన జరిగింది. చివరికి నాలుగు పేజీలు పెరగడానికి ఒప్పుకున్నారు, ఆ ఖర్చు నా మీద వేసి!

ఆ రాత్రి నా మిత్రుడికి ఫోను చేశాను. ఐటీఐ చదివి, లేతు మిషను మీద బతికినవాడు. ఐదువందలు పంపి, పేరు వేయొద్దని చీటీ పెట్టాడు. "ఎందుకురా వద్దంటావు?" అని అడిగాను. "నా ఫీజు మాస్టారు కలిపారని అమ్మకి ఆ రోజే తెలుసురా. చిల్లర లెక్క దానికి రాదనుకున్నావా? పోయేదాకా చెబుతూనే ఉంది, అది బాకీ అని. ఏస్తే దాని పేరు ఏయించు" అన్నాడు.

సంచిక చివర జాబితాలో 1985 బ్యాచ్ కింద ఒక ఆడమనిషి పేరు కనిపిస్తుంది. ఆవిడ మన బడిలో చదవలేదే, ఇది అచ్చుతప్పేమో అని ఎవరూ కమిటీకి ఫోను చేయకండి.